శ్రుతి కలిసినా తాళము తప్పిన కథ

(షోలాపురము, మన సంఘము ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయిన తరువాత, పులిహోర వడ్డనకు ముందు, ఒక సైన్సు విషయము మాట్లాడవలసిందని కార్యదర్శి గారు మాకు పురమాయించారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకునేవారము, మెట్రిక్‌తో చదువు ఆపినవారము. పండితులు మాట్లాడే చోట మేమేమి మాట్లాడగలమని సందేహించాము. "మీ పనికి దగ్గరగా ఉన్న సంగతి ఏదైనా చెప్పండి, పిల్లలకు తెలుగులో వినబడితే చాలు" అన్నారాయన. మన పిల్లలు బడిలో సైన్సు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. సైన్సు తెలుగులో వినడము వాళ్లకు అరుదు. అందుచేత ఒప్పుకున్నాము.

ఇందాక శాస్త్రిగారు ఒక మాట అన్నారు, గమనించారో లేదో. "ఈ పంచాంగము రాజమహేంద్రవరమునకు గణించినది. మన షోలాపురములో సూర్యుడు సుమారు 23 నిమిషములు ఆలస్యముగా ఉదయిస్తాడు, ఆ తేడా సరిచేసుకోవాలి" అన్నారు. దూరము నుండి వచ్చిన లెక్కకు మన గడియారాన్ని సరిపెట్టుకోవడము అన్నమాట. మేము చెప్పబోయే కథ కూడా అట్లాంటిదే. కాకపోతే అక్కడి దూరము 120 కోట్ల కిలోమీటర్లు.

శనిగ్రహమునకు టైటన్ అనే పెద్ద చంద్రుడు ఉన్నాడు. 1655లో హాలండు దేశపు క్రిస్టియాన్ హైగెన్స్ అనే విద్వాంసుడు దానిని కనిపెట్టాడు. ఆ మరుసటి సంవత్సరమే లోలకపు గడియారము చేసినవాడు కూడా ఆయనే. మన తాతగార్ల ఇళ్లలో గోడకు టంగు టంగుమని కొట్టే గడియారాలకు ఆయనే మూలపురుషుడు. ఆయన పేరు పెట్టిన ఒక యంత్రమును, కాసినీ అనే పెద్ద నౌకకు అంటించి, 1997 అక్టోబరు 15న అమెరికా నుండి ఆకాశమునకు పంపారు. కాసినీ అమెరికా వారిది, హైగెన్స్ ఐరోపా దేశాల వారిది. మొత్తము మీద మూడు వందల కోట్ల డాలర్లకు పైగా ఖర్చు. శని దగ్గరకు చేరడానికి ఏడు సంవత్సరములు. అక్కడ హైగెన్సు కాసినీని వదిలి, గొడుగులు విప్పుకొని టైటన్ మబ్బులలోకి దిగాలి. దిగుతూ తాను చూసినది రేడియోలో చెప్పాలి. పైన పోయే కాసినీ దానిని విని, దాచుకొని, తరువాత తీరికగా భూమికి పంపాలి. హైగెన్సులో ఉన్నవి బ్యాటరీలు మాత్రమే, కొన్ని గంటలకు అయిపోతాయి. కాసినీ ఆ కొద్దిసేపటిలో వినకపోతే, వినిపించడానికి హైగెన్సు మరి ఉండదు.

ఇట్లా దూరమున ఉన్న యంత్రము తన వేడి ఎంత, గాలి ఒత్తిడి ఎంత, కంటికి కనబడినది ఏమిటి అని అంకెలుగా మార్చి రేడియోలో చెప్పడమును టెలిమెట్రీ అంటారు. చెప్పేది సున్నలు, ఒకట్లు మాత్రమే. హైగెన్సు ఒక్కొక్క దారిలో సెకనుకు 8,192 అంకెలు చెబుతుంది. అట్లాంటి దారులు రెండు పెట్టారు. వాటికి ఎ అని, బి అని పేర్లు.

ఇప్పుడు మన రైలు పట్టాల దగ్గరకు రండి. ప్లాట్‌ఫారము మీద నిలబడి ఉంటే, ఆగకుండా పోయే మెయిలు కూత వేస్తూ వస్తుంది. వచ్చేటప్పుడు కూత సన్నగా, ఎచ్చు స్థాయిలో ఉంటుంది, మనలను దాటగానే బొంగురుగా దిగిపోతుంది. డ్రైవరు మార్చినది ఏమీ లేదు. దగ్గరకు వచ్చేటప్పుడు అలలు ఒకదాని మీద ఒకటి దగ్గర దగ్గరగా పడతాయి, పోయేటప్పుడు ఎడము అవుతాయి. ఈ సంగతిని 1842లో ప్రాగ్ నగరములో క్రిస్టియన్ డాప్లర్ అనే పండితుడు చెప్పాడు. 1845లో హాలండులో బాయ్స్ బలోట్ అనే ఆయన దీనిని రైలు మీదనే పరీక్ష చేశాడు. ఉట్రెక్టు దగ్గర పట్టాల మీద కొమ్ము ఊదేవాళ్లను బండి ఎక్కించి, చెవి బాగా పండిన సంగీతగాళ్లను పట్టాల పక్కన నిలబెట్టి, శ్రుతి ఎంత మారిందో చెప్పమన్నాడు. ఫిబ్రవరిలో మొదలుపెడితే మంచు తుఫాను వచ్చి చెడిపోయింది, జూనులో మళ్లీ చేశాడు. రైల్వేవారు శాస్త్రమునకు చేసిన సేవలలో దీనిని ఎవరూ లెక్కవేయరు. మేము మాత్రము మా ఆఫీసులో అప్పుడప్పుడు చెప్పుకుంటాము.

కూత ఒక్కటే వింటే మనకు శ్రుతి మారడమే తెలుస్తుంది. ఇంకొకటి కూడా మారుతుంది. పెద్దలకు గ్రామఫోను రికార్డులు జ్ఞాపకము ఉండే ఉంటాయి. 33 మీద వేయవలసిన రికార్డును పిల్లవాడు పొరపాటున 45 మీద పెడితే ఏమయ్యేది? ఘంటసాల గారి గొంతు చిన్నపిల్ల గొంతు అయ్యేది. అది శ్రుతి. దానితోపాటు పాట కూడా పరుగెత్తేది, తబలా దెబ్బలు దగ్గర దగ్గరగా పడేవి. అది తాళము. ఒకటి మారి రెండవది మారకుండా ఉండడము సాధ్యము కాదు. రైలులో కొమ్ము ఊదేవాడు సెకనుకు ఒకసారి చొప్పున ఊదితే, ఎదురుగా నిలబడినవానికి ఆ ఊదడము కూడా సెకను కంటె కొంచెము ముందుగానే వినబడుతుంది.

చిత్రమేమిటంటే, లోకమునకు మొదట తెలిసినది తాళము సంగతే. 1676లో ఓలె రోమర్ అనే డెన్మార్కు దేశస్థుడు, గురుగ్రహపు చంద్రునికి పట్టే గ్రహణములు, మన భూమి గురువుకు దగ్గరగా పోతున్నప్పుడు లెక్క కంటె ముందుగాను, దూరముగా పోతున్నప్పుడు ఆలస్యముగాను వస్తున్నాయని కనిపెట్టాడు. వెలుతురు రావడానికి కాలము పడుతుందని దానినిబట్టి తేలింది. ఆ లెక్కను తీసుకొని వెలుతురు వేగమును గుణించినది ఎవరనుకున్నారు? ఈ హైగెన్సుగారే. ఈ మాట మనసులో పెట్టుకోండి.

ఇక రిసీవరు చేసే పని చెప్పాలి. మా ఉద్యోగములోని ఒక అనుభవముతో చెబితే సులువు. మేము చేరిన కొత్తలో, వేరొక ఊరి యార్డులో, గూడ్సు బండి లోపలికి వస్తూ ఉంటే వేగనుల నంబర్లు వ్రాసుకోవడము మా పని. ఒక్కొక్క నంబరు 11 అంకెలు. ఒకరు చదివితే ఒకరు వ్రాసేవారు. బండి మెల్లగా వస్తూ ఉంటుంది. కన్ను ఒక వేగను మధ్యన నిలిపి చదివి, మళ్లీ తరువాతి వేగను మధ్యన నిలపాలి. కొంతసేపటికి అది ఒక తాళము అయిపోతుంది. తల దానంతట అదే తిరుగుతుంది. ఒక రాత్రి డ్రైవరు కొంచెము వేగము పెంచాడు. మా తల పాత తాళములోనే తిరిగింది. 58 వేగనుల బండిలో మాకు 57 నంబర్లే వచ్చాయి. ఎక్కడ తప్పిందో తెలియదు. వరుస ప్రకారము ఏ వేగను ఏ లైనుకు పోవాలో వ్రాసిపెట్టాము కాబట్టి, తప్పిన చోటు నుండి చివరి వరకు ప్రతి నంబరు ముందు వేగనుకు అంటుకుంది. తప్పిపోయినది ఒకటే, చెడిపోయినవి మాత్రము ముప్పయికి పైగా. తెల్లవారుజామున లాంతరు పట్టుకొని బండి వెంట నడిచి అన్నీ మళ్లీ చూశాము. పై అధికారి చేత తిన్న చివాట్లు ఇక్కడ చెప్పము.

రిసీవరు పని కూడా అంతే. మొదట శ్రుతి కలపాలి. అంటే మోసుకువచ్చే రేడియో అల ఎంత స్థాయిలో ఉందో వెదికి పట్టుకొని, అది మారుతూ ఉంటే దాని వెంట తానూ మారాలి. తరువాత తాళము పట్టాలి. ఒక్కొక్క అంకె సరిగ్గా మధ్యలో చూసి సున్నయో ఒకటో తేల్చుకోవాలి. అంచులో చూస్తే పక్క అంకెతో కలిసిపోతుంది. దానికోసము లోపల ఒక గడియారము కొడుతూ ఉంటుంది. సున్న నుండి ఒకటికి మారే చోటు, అంటే మాకు రెండు వేగనుల నడుమ ఖాళీ వంటిది, అనుకున్న దాని కంటె ముందుగా వచ్చిందా వెనుకగా వచ్చిందా చూసుకుంటూ, ఆ గడియారాన్ని కొంచెము తోస్తూ, కొంచెము పట్టుకుంటూ పోవాలి.

ఎంత తోయాలి అన్నదే కష్టము. దూరపు మాట ఎప్పుడూ గరగరలో కలిసి వస్తుంది. ప్రతి గరగరకూ గడియారము ఉలిక్కిపడితే తాళము నిలవదు. అట్లాగని మరీ బిగువుగా ఉంటే, మాట నిజముగా వేగము పెంచినప్పుడు వెంబడించలేదు. సన్నని మాట వినవలసిన రిసీవరును కొంచెము బిగువుగానే కడతారు. అది మూర్ఖత్వము కాదు, జాగ్రత్తే.

హైగెన్సు దిగేటప్పుడు కాసినీ దాని వైపు సెకనుకు సుమారు 5.5 కిలోమీటర్ల వేగముతో పోవాలని మొదటి ఏర్పాటు. గంటకు దాదాపు 20 వేల కిలోమీటర్లు. హైగెన్సు రేడియో అల సెకనుకు దాదాపు 204 కోట్ల కంపనములు. ఈ వేగమునకు అది 37, 38 వేల కంపనములు పెరిగి వినబడుతుంది. ఇది ఇంజనీర్లకు తెలుసు, లెక్కవేశారు, రిసీవరును దానికి తగినట్లు కట్టారు. శ్రుతి చక్కగా కలుస్తుంది.

తాళము మాట? అదే పాళ్లలో 8,192 కూడా పెరగాలి. లెక్కవేస్తే పెరిగేది సెకనుకు 0.15 అంకె. ఒక అంకెలో ఏడవ వంతు! ఇదీ ఒక తేడాయేనా అనిపిస్తుంది. కాని సెకను తరువాత సెకను కూడుతూ పోతే, ఏడు సెకన్లు తిరగకముందే ఒక నిండు అంకె జరిగిపోతుంది. గడియారము ఆ మేరకు జరగగలిగితే చిక్కు లేదు. ఆ రిసీవరులోని గడియారమునకు అంత జరిగే వీలు ఇవ్వలేదు. శ్రుతికి లెక్కవేసిన పాళ్లను తాళమునకు వేయడము మరిచారు. ఆ లెక్క ఒక చోట వ్రాసి ఉండే సంఖ్య మాత్రమే, కాని దానిని ఆకాశములో మార్చడానికి వీలు లేకుండా లోపల స్థిరపరచి పంపేశారు. పంపే ముందు, పంపేదీ వినేదీ పరుగెత్తుతున్నట్లు అంకెలతో సహా పూర్తి పరీక్ష చేయలేదు. చేయాలంటే కట్టిన భాగములను కొన్ని విప్పాలి, మళ్లీ యోగ్యతాపత్రములు తెచ్చుకోవాలి. అందుచేత మానుకున్నారు. యంత్రశాలలో బల్ల మీద రెండూ కదలకుండా కూర్చున్నప్పుడు అన్నీ సరిగ్గానే వినబడ్డాయి.

గడియారము చేసిన మహానుభావుని పేరు పెట్టుకున్న యంత్రము, గ్రహణముల తాళము తప్పడము చూసి వెలుతురు వేగము గుణించిన ఆయన పేరు పెట్టుకున్న యంత్రము, గడియారము దగ్గరే తప్పిందంటే ఏమనాలి?

ఇది బయటపడిన వైనము వినండి. జర్మనీలో డార్మ్‌స్టాట్ అనే ఊరిలో ఐరోపా వారి ఆకాశనౌకల కార్యాలయము ఉంది. అక్కడ బోరిస్ స్మెడ్స్ అనే స్వీడన్ దేశపు ఇంజనీరు పని చేసేవారు. నౌక దారిలో ఉండగానే రిసీవరును ఒకసారి పరీక్షించాలని అనుకున్నారు. అల అందుతున్నదా అని మాత్రము చూస్తే చాలునని కొందరి అభిప్రాయము. స్మెడ్స్ ఒప్పుకోలేదు. శ్రుతి మారుస్తూ, అంకెలు కూడా వేసి, అవి కూడా డాప్లర్ పాళ్లలో పరుగెత్తుతున్నట్లు చేసి, హైగెన్సు గొంతును అచ్చముగా అనుకరించి పంపాలని పట్టుబట్టారు. పై అధికారులలో కొందరు ఆయన పక్షము వహించడముతో చివరకు సాగింది. 2000 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా ఎడారిలో గోల్డ్‌స్టోన్ అనే చోట ఉన్న పెద్ద రేడియో పళ్లెము దగ్గరకు స్వయముగా వెళ్లి, అక్కడి నుండి కోట్ల కిలోమీటర్ల దూరాన పోతున్న కాసినీకి ఆ దొంగ హైగెన్సు మాటలు వినిపించారు. విన్నదేదో కాసినీ తిరిగి పంపింది.

అల అందింది. శ్రుతి కలిసింది. అంకెలు మాత్రము చెత్త. తేడా కలపకుండా పంపితే సరిగ్గా వస్తున్నాయి, డాప్లర్ తేడా కలిపితే చెడుతున్నాయి. తమ పనిముట్టులోనే తప్పు ఉందేమోనని మొదట చూసుకున్నారు. కాదని తేలింది. నేల మీద దాచిపెట్టిన జత రిసీవరుతో చూసినా అదే ఫలితము. పట్టుబట్టి పరీక్ష చేయించకపోతే, 2004 చివర హైగెన్సు టైటన్ మీదకు దిగుతూ చెప్పిన దానిలో చాలా భాగము కాసినీ చెవిలో గాలికబురు అయిపోయేది. కారణము తెలుసుకునేటప్పటికి బ్యాటరీలు చల్లారిపోయి ఉండేవి.

తప్పు తెలిసింది కాని దిద్దేది ఎట్లా? రిసీవరును విప్పలేరు, లోపలి సంఖ్యను మార్చలేరు. 2001 జనవరిలో అమెరికా, ఐరోపా ఇంజనీర్లు కలిసి ఒక బృందముగా కూర్చుని ఆ సంవత్సరము జూనులోగా ఉపాయము తేల్చారు. ఉపాయము మన రైలు కూతలోనే ఉంది. పట్టాల పక్కన నిలబడితే కూత దిగిపోవడము చెవులు చిల్లులు పడేటట్లు వినబడుతుంది. అదే రైలును ఊరి బయట గుట్ట మీద నిలబడి వినండి. రైలు అంతే వేగముగా పోతున్నా కూత పెద్దగా మారదు, ఎందుకంటే అది మన వైపుకు రావడము లేదు, మనకు అడ్డముగా పోతున్నది. అందుచేత కాసినీ టైటన్‌కు 1,200 కిలోమీటర్ల ఎత్తున పోవలసినది, 60 వేల కిలోమీటర్ల ఎడముగా, హైగెన్సుకు అడ్డముగా పోయేటట్లు దారి మార్చారు. దానికోసము శని చుట్టూ మొదటి రెండు ప్రదక్షిణములను కుదించి మూడు చేశారు. దిగే ముహూర్తము 2004 నవంబరు నుండి 2005 జనవరి 14కు జరిగింది. కొంత ఇంధనము అదనముగా కాలింది. రిసీవరును సరిచేయలేక రైలు దారినే మార్చారన్నమాట. మా ఆఫీసులో ఇట్లాంటి ప్రతిపాదన పెడితే ఫైలు ఎన్నాళ్లు తిరిగేదో!

ఇంకా రెండు చిన్న సర్దుబాట్లు ఉన్నాయి. హైగెన్సును ముందుగానే మేల్కొలిపి లోపలి గడియారము వేడెక్కనిచ్చారు. వేడికి స్ఫటికపు కొట్టుడు ఇసుమంత మారుతుంది, మిగిలిన తేడాకు అది కలిసివస్తుంది. కాసినీ రిసీవరును శ్రుతి తేడా లేదనుకునే పరీక్షా స్థితిలోనే నిలిపి ఉంచాలని నిర్ణయించారు.

2004 డిసెంబరు 25న హైగెన్సు కాసినీని విడిచింది. 2005 జనవరి 14న, మనవాళ్లు సంక్రాంతి సంబరములలో ఉండగా, టైటన్ మబ్బులలోకి ప్రవేశించింది. రెండున్నర గంటల సేపు దిగి, నేలను తాకి, ఆ తరువాత కూడా గంటకు పైగా మాట్లాడుతూనే ఉంది. బి దారిలో వచ్చిన అంకెలు దాదాపు ఒక్కటి కూడా చెడలేదు. ఒంటి రంగు నారింజ పొగమంచు, కాలువల వంటి గీతలు, దిగిన చోట నున్నగా అరిగిన గులకరాళ్లు. అవి రాళ్లు కావు, గట్టిపడిన మంచుగడ్డలు. అక్కడి చలి సున్నకు దిగువ 179 డిగ్రీలు.

ఎ దారి సంగతి అడుగుతారేమో. ఐదేళ్లు తాళము సరిచేయడానికి ఇంత పాటుపడిన తరువాత, ఎ దారి రిసీవరును తెరవమనే ఆజ్ఞ కాసినీకి పంపిన జాబితాలో లేదు. ఎవరో వ్రాయడము మరిచారు. ఏడు వందల బొమ్మలలో సగము, సుమారు 350, అట్లా పోయాయి. యార్డులో పని చేసినవారము కాబట్టి మేము దీనికి నవ్వలేదు.

గాలి వేగము కొలిచే ఏర్పాటు కూడా ఎ దారిలోనే ఉంది. గాలికి హైగెన్సు పక్కకు కొట్టుకుపోతూ ఉంటే శ్రుతి ఎంత మారుతుందో చూసి గాలిని లెక్కకట్టాలి. కాసినీ వినలేదు కాబట్టి ఆ ప్రయోగము పోయిందనే అనుకున్నారు. కాని అమెరికాలో గ్రీన్ బ్యాంకు, ఆస్ట్రేలియాలో పార్క్స్ మొదలైన చోట్ల పెద్ద రేడియో పళ్లెములు ఆ సమయమునకు టైటన్ వైపు తిరిగి ఉన్నాయి. హైగెన్సు గొంతు ఒక చిన్న విద్యుద్దీపమంత, పది వాట్ల పాటిది. అది 67 నిమిషములు ప్రయాణము చేసి భూమికి చేరితే, ఆ పళ్లెములు దానిని పట్టుకున్నాయి. అంకెలు చదవడానికి చాలదు, శ్రుతి మాత్రము వినబడింది. ఆ శ్రుతి మారిన తీరునుబట్టి, టైటన్ మీద 120 కిలోమీటర్ల ఎత్తున గాలి గంటకు సుమారు 430 కిలోమీటర్ల వేగముతో వీస్తున్నదని, కిందికి వచ్చేసరికి దాదాపు నిమ్మళిస్తున్నదని లెక్క తేలింది. కథ పొడుగునా ఇంజనీర్లను పరుగులు పెట్టించిన డాప్లర్ తేడాయే ఆ రోజు వారికి గాలి కబురు మోసుకువచ్చింది.

కాసినీ ఆ తరువాత చాలా ఏళ్లు శని చుట్టూ తిరిగి, 2017 సెప్టెంబరు 15న ఆ గ్రహములోనే పడి కాలిపోయింది. హైగెన్సు ఇప్పటికీ ఆ గులకరాళ్ల మధ్యనే ఉంది.

కార్యదర్శి గారు గడియారము చూస్తున్నారు, లోపలి నుండి పులిహోర తాలింపు వాసన కూడా వస్తున్నది.